కేజీహెచ్‌కూ యూనివర్సిటీకీ మధ్య దూరం

విశాఖపట్నం మహారాణిపేటలోని కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆటోలో పావుగంట ప్రయాణం. ఆసుపత్రీ, దాన్ని ఆనుకుని పెరిగిన ఆంధ్ర వైద్య కళాశాలా 1923లో మొదలయ్యాయి. విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో విశాఖలోని వాల్తేరుకు చేరింది. ఆ తరువాత దశాబ్దాల పాటు వైద్య కళాశాల ఈ విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండి, డాక్టరుకూ తెలుగు పండితుడికీ ఒకే స్నాతకోత్సవంలో పట్టాలు దక్కేవి. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడి, రాష్ట్రంలోని వైద్య కళాశాలలన్నీ దాని పరిధిలోకి వెళ్ళాయి. పరీక్షలు సకాలంలో జరగాలన్నా, సిలబస్ అంతటా ఒకే తీరుగా ఉండాలన్నా అది సబబైన ఏర్పాటే, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఆ రోజు నుంచి పావుగంట దూరంలో ఉన్న రెండు విద్యాసంస్థలు కలిసి ఒక ప్రశ్న వేసుకోవాలంటే రెండు రిజిస్ట్రారు కార్యాలయాలు కదలాల్సి వస్తోంది.

పరిశోధనలో వైవిధ్యం అనగానే మన విశ్వవిద్యాలయాలు శాఖల జాబితా చూపిస్తాయి. తెలుగు, చరిత్ర, తత్త్వశాస్త్రం, భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, మానవ జన్యుశాస్త్రం అంటూ ఆ వరుస సాగుతుంది. జాబితా ఎంత పొడుగైతే వైవిధ్యం అంత ఎక్కువన్న లెక్కతో నాకు పేచీ ఉంది. ఒకే కారిడార్‌లో ఉంటూ ముప్ఫై ఏళ్ళు ఒకరి సెమినార్‌కు ఒకరు వెళ్ళని ఇరవై శాఖల కంటే, ఒకే ఊరి నీటి గురించి వాదులాడుకునే మూడు శాఖలున్న చోటే వైవిధ్యం ఎక్కువ.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టుకలో ఈ రెండో రకం వైవిధ్యానికి చోటుండేది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి సాహిత్య విమర్శకుడు. ఆయన తరువాత 1931 నుంచి 1936 వరకు ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వవేత్త. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు నిధులిచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ స్వయంగా కవి. విజ్ఞానశాస్త్రాలకు ఇక్కడ ఇల్లు కట్టింది సాహిత్యం, తత్త్వం చదివినవాళ్ళే. ఆ ఇంట్లోకి సి.వి. రామన్ శిష్యులు సూరి భగవంతం, సి. మహదేవన్ వచ్చారు, టి.ఆర్. శేషాద్రి వచ్చి మొక్కల రంగుల రసాయనశాస్త్రాన్ని ప్రపంచ స్థాయికి తీసుకెళ్ళారు. రామన్ దగ్గర పనిచేసిన మహదేవన్ ఇక్కడ భూగర్భశాస్త్రాన్ని నిర్మించారు. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చినప్పుడు, ఆయనతో కలిసి పడవెక్కి బంగాళాఖాతాన్ని కొలవడానికి ఇక్కడి విద్యార్థులు వెళ్ళగలిగారంటే, శాఖల మధ్య గోడలు అప్పటికింకా అంత ఎత్తు లేవలేదన్నమాట.

ఇప్పుడు ఆ గోడల ఖరీదు తెలియాలంటే ఉద్దానం వెళ్ళాలి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి, జీడితోటలు నిండిన ఆ నేల మీద, మధుమేహం గానీ రక్తపోటు గానీ లేనివాళ్ళకు కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. ఎక్కువమంది పొలం పనులు చేసుకునేవాళ్ళు. మూత్రపిండాలు వడగట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగిందని పరీక్షలో తేలేనాటికి మూత్రపిండాల సామర్థ్యం సగం వరకు పోయి ఉంటుంది, అంతవరకూ మనిషికి పెద్దగా తెలియదు. దశాబ్దాలుగా ఆ రోగులు రైలెక్కి చేరే ఊరు విశాఖపట్నం, చేరే ఆసుపత్రి కేజీహెచ్.

కారణం ఇంకా తేలలేదు. భూగర్భ జలంలోని సిలికా అన్నవాళ్ళున్నారు, భారలోహాలన్నవాళ్ళున్నారు, పురుగుమందులన్నవాళ్ళున్నారు. ఎండలో నీళ్ళు తాగకుండా గంటల తరబడి పనిచేయడం, ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొనుక్కునే మాత్రలు, వంశపారంపర్యం కూడా ఆ అనుమానాల చిట్టాలో ఉన్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువాల చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఒక్క కారణం మీద ఏకాభిప్రాయం లేదు. శ్రీలంకలో చర్చ ఎక్కువగా నీటి చుట్టూ, వ్యవసాయ రసాయనాల చుట్టూ తిరిగితే, మధ్య అమెరికాలో వేడి చుట్టూ, కూలీ పని జరిగే పద్ధతి చుట్టూ తిరిగింది. ఈ తేడా వ్యాధిదో, లేక ముందుగా ఏ శాస్త్రం వాళ్ళు అక్కడికి వెళ్ళారన్నదానిదో ఆలోచించాల్సిన విషయం.

ఆ అనుమానాలను మళ్ళీ ఒకసారి చదివితే, ఒక్కొక్కటీ ఒక్కో శాఖ తలుపు తడుతుంది. సిలికా సంగతి భూగర్భశాస్త్రానిది, భారలోహాలది రసాయనశాస్త్రానిది, వంశపారంపర్యం జన్యుశాస్త్రానిది. కూలీ ఎన్ని గంటలు, ఏ బోరు నీళ్ళు, ఎవరి పొలంలో అన్నది అర్థశాస్త్రానిదీ, సామాజికశాస్త్రానిదీ. ఈ తోటలు ఎప్పుడు, ఏ పంటల స్థానంలో వచ్చాయో, బావులు వదిలి బోర్లకు ఊళ్ళు ఎప్పుడు మళ్ళాయో చెప్పాల్సింది చరిత్రకారుడు. ఇవన్నీ వైద్యుడి కేస్‌షీట్‌లో ఇమడవు, ఇమడాలని కోరడమూ అన్యాయమే, ఎందుకంటే వార్డులో ఒక్కో రోగికి ఆయన ఇవ్వగలిగింది కొద్ది నిమిషాలే. ఇచ్ఛాపురం వైపు ఇళ్ళలో ఒడియా కూడా వినిపిస్తుంది. ఏ ఏడు నుంచి ‘నీరసం’ మొదలైందని తెలుగులో అచ్చువేసిన ప్రశ్నావళితో వెళ్ళినవాడికి వచ్చే జవాబుకూ, ఆ ఊరి మాటలో పంటల లెక్కన, పండుగల లెక్కన అడిగినవాడికి వచ్చే జవాబుకూ చాలా తేడా ఉంటుంది. భాషాశాస్త్రం పని అక్కడ మొదలవుతుంది.

విశాఖలో ఇలాంటి కలయికకు పూర్వ ఉదాహరణ లేకపోలేదు. మేనరికాలు మన ప్రాంతపు ఆచారం. ఎవరు ఎవరికి మేనమామ వరస అవుతారో తెలిసిన మానవశాస్త్రం లేనిదే, వాటి వల్ల పిల్లల్లో కనిపించే వంశపారంపర్య లోపాలను జన్యుశాస్త్రం లెక్కకట్టలేదు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు 1960 ప్రాంతంలో ఆంధ్రలో మేనరికాలను అధ్యయనం చేసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది జన్యుశాస్త్రమే అయినా, అడిగిన ప్రశ్నలు చుట్టరికాల గురించి. ఏజెన్సీలో కొడవలి కణ రక్తహీనత మీద పని చేసేవారికీ నేడు ఇదే దారి.

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. కలిసి పనిచేయడమంటే కళల శాఖలు వైద్యానికి దుభాషీలుగా కుదురుకోవడమనే అభిప్రాయం బలపడుతోంది. నేను దాన్ని ఒప్పుకోను. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసింది ఏ జబ్బునో నయం చెయ్యడానికి కాదు. 1950ల చివర భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో రైతులు, నేతగాళ్ళు వాడే మాటలను జిల్లా జిల్లా తిరిగి సేకరించి, మాండలిక వృత్తి పదకోశాలుగా తెచ్చినప్పుడు కూడా ప్రయోజనం భాషదే. ఆ మాటలు రేపు ఒక వ్యవసాయ శాస్త్రవేత్తకో, ఒక డాక్టరుకో అక్కరకొస్తే మంచిదే, రాకపోయినా వాటి విలువ తరగదు.

చిక్కేమిటంటే, ఆ పదకోశం ఈనాటి కొలబద్దల్లో దాదాపు కనిపించదు. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ విధానమైన ఎన్‌ఐఆర్‌ఎఫ్, పరిశోధన ప్రచురణలను స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ పరిశోధన పత్రికల జాబితాల్లోంచి లెక్కిస్తుంది. ఏడాదికి పది పేపర్లు రాసే రసాయన ప్రయోగశాలకు అది సరిపోయే కొలతే. పదేళ్ళు శాసనాలు చదివి తెలుగులో ఒక్క పుస్తకం రాసిన చరిత్రకారుడికి ఆ తక్కెడలో తూకమే లేదు. కేజీహెచ్ వార్డులో రోజుకు వందలమందిని చూస్తూ, ఉన్న వ్యవధిలో కేసులు నమోదు చేసుకునే వైద్యాచార్యుడికీ అది పెద్దగా అనుకూలించదు. చివరికి అందరూ స్కోపస్‌లో దొరికే విషయాలవైపే జరుగుతారు.

నిధుల దారీ అదే. 2023లో పార్లమెంటు చేసిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ చట్టం ఐదేళ్ళలో 50,000 కోట్ల రూపాయల పరిశోధనను ఊహించింది. కానీ మానవీయ, సామాజిక శాస్త్రాలకు అందులో ఇచ్చిన చోటు, శాస్త్ర సాంకేతికాలతో అవి కలిసే అంచు వరకే. విశాఖలో ఈ రెండు దశాబ్దాల్లో వచ్చిన కొత్త సంస్థల తీరు కూడా గమనించదగ్గది: న్యాయశాస్త్రానికి ఒకటి, మేనేజ్‌మెంటుకు ఒకటి, పెట్రోలియానికి ఒకటి. ఒక్కొక్కటీ తన పనిలో గట్టిదే కావచ్చు. ఒకవైపు 2020 జాతీయ విద్యా విధానం బహుళ శాస్త్ర విశ్వవిద్యాలయాలను కోరుతుంటే, ఊళ్ళో మాత్రం ఏకశాస్త్ర ప్రాంగణాలు పెరిగాయి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. భవనం, యంత్రాలు, నిపుణులు అవసరమే. వాటితో పాటు ఆ ఏడు మండలాల్లో ఒకే కుటుంబాలను పది, పదిహేనేళ్ళు వెంబడించే అధ్యయనం కావాలి. అందులో నీటి నమూనా తీసేవారూ, రక్తం తీసేవారూ, కూలీ లెక్క రాసేవారూ, ఇంటి మాట వినేవారూ ఒకే జట్టుగా వెళ్ళాలి. 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు వేరే శాఖ నుంచో, వేరే సంస్థ నుంచో సహ పర్యవేక్షకుణ్ణి తీసుకోవడానికి అనుమతిస్తున్నాయి. కనుక ఆంధ్ర వైద్య కళాశాల ఆచార్యుడొకరు, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి భూగర్భశాస్త్ర ఆచార్యుడొకరు, తెలుగు ఆచార్యుడొకరు కలిసి ఒక విద్యార్థికి ఉద్దానం మీద సిద్ధాంత గ్రంథం రాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు రిజిస్ట్రారు కార్యాలయాల సంతకాలున్న ఒప్పంద పత్రం ఒకటి, ఒకే ఎథిక్స్ కమిటీ అనుమతి రెండు చోట్లా చెల్లేలా చేసే ఉత్తర్వు ఒకటి ఉంటే, వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.