‘ఇంట్లోకి వెళ్లండి’ సరే, చేలో ఇల్లేది?

మబ్బు పట్టగానే ఫోన్లకు పిడుగుల హెచ్చరిక వస్తోంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ అయితే 20, 40 కిలోమీటర్ల లోపు ఎక్కడ మెరుస్తోందో కూడా చూపిస్తుంది. సంతోషమే. కానీ అవి ముఖ్యంగా చెప్పేది: సురక్షితమైన భవనంలోకి వెళ్లండి. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కనో, కర్నూలు జిల్లా పత్తికొండ పక్కనో వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఆడకూలీ ఏ భవనంలోకి వెళ్లాలి? కనుచూపు మేరలో ఉండేది ఒంటరి వేపచెట్టు. అందరూ అక్కడికే పరుగెత్తుతారు.

ప్రాణం తీసేది ఆ చెట్టే. దాని మీద పిడుగు పడితే మాను పక్కన నిలబడ్డ మనిషి మీదికి కరెంటు దూకుతుంది. మిగిలింది నేలలో చుట్టూ పాకుతుంది. రెండు పాదాల కింద వోల్టేజీ తేడా ఉంటే చాలు, ఒంట్లోంచి పారుతుంది. గొర్రెలకు ముందుకాళ్లకూ వెనక్కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, ఆ దారిలోనే గుండె. ఒకే చెట్టు కింద మందకు మంద చచ్చిపడేది అందుకే. గోడల్లేని రేకుల కొట్టం కూడా కాపాడదు. పైకప్పు లేని ట్రాక్టరూ, కూలీలను తెచ్చే ఆటో కూడా అంతే.

జనానికి అవగాహన లేదనేది అధికారుల మాట. కొంత నిజమే. మెరుపు తర్వాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ప్రమాదం పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రాకూడదు. పిడుగు తగిలిన మనిషిలో కరెంటు మిగలదు, ముట్టుకోవచ్చు, ఊపిరి ఆగితే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం) చేయాలి. ఇవన్నీ ఊరూరా చెప్పాల్సిందే. అన్నీ తెలిసినా దాక్కునే చోటు లేకపోతే ఏం చేస్తారు?

తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు వైపు చూడండి. తొలకరి పడిందంటే వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వెతుకుతారు. ఉరుముల వానలు ఎక్కువ పడేదీ అప్పుడే.

2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. మన దగ్గర మనిషి పోయాక పరిహారం చెక్కు వస్తుంది, బతికుండగా గోడ మాత్రం రాదు. అసలు సమస్య అక్కడుంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల భద్రతకు 1948లోనే చట్టం చేశారు. చేలో పనిచేసేవాళ్లకు నీడ, నీళ్లు, మరుగుదొడ్డి సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. పొలాన్ని పని చేసే చోటుగా గుర్తించనంత కాలం పిడుగు చావులు విధిరాత కిందే జమ అవుతాయి.

ఉపాధి హామీలో ఈ జిల్లాల్లో ఊరూరా పంట కుంటలు తవ్వించాం. పొలాల మధ్య నాలుగు గోడలు, స్లాబు, పైన పిడుగును పట్టే కడ్డీ, సరైన ఎర్తింగ్ ఉన్న గదులు కట్టించడం అంతకంటే కష్టమా? మామూలు రోజుల్లో కూలీలు మధ్యాహ్నం అన్నం తినేదీ, పసిపిల్లల్ని పడుకోబెట్టేదీ ఆ గదిలోనే అవుతుంది. ఊరికొకటి కట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఏ చేలోంచైనా పది నిమిషాల్లో నడిచి చేరేంత దగ్గరలో ఉండాలి.