డాక్సీ మాత్ర పాతదే, చొక్కా విప్పి చూసేవాళ్లే తక్కువ

వానలు తగ్గి చలి మొదలయ్యే టైంకి మన సీమలో జ్వరాలు మొదలవుతాయి. ఊళ్లో ఆర్ఎంపీ రెండు సెలైన్లు ఎక్కిస్తాడు, వైడాల్ టెస్టు రాస్తాడు, "టైఫాయిడ్ కొంచెం ఉంది" అంటాడు, ఇంక అయిదు రోజులు సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు. అయినా జ్వరం తగ్గదు. కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చేసరికి ప్లేట్‌లెట్స్ పడిపోయి ఆయాసం కూడా మొదలైపోయి ఉంటుంది.

ఇట్లాంటి జ్వరాల్లో కొన్ని స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చేది. దాని బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి సెఫ్ట్రయాక్సోన్ ఎన్ని రోజులు పొడిచినా దానికేం కాదు, అదే డాక్సీసైక్లిన్, అంటే మన డాక్సీ మాత్ర అయితే కణంలోకి వెళ్లి ఆ బ్యాక్టీరియా ప్రోటీన్ తయారుచేసుకోకుండా ఆపేస్తుంది, టైంకి ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. 1967 నుంచి వాడుతున్న మందు ఇది, ధర కొన్ని రూపాయలే. బహుశా అందుకే లోకువ. డాక్సీది టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబం, అందులో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది అమెరికాలోని లెడర్లే ల్యాబ్ నుంచి, అక్కడ రీసెర్చ్ హెడ్ మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఫోటో పెట్టి స్టేటస్‌లు పెడతాం గానీ ఆ కుటుంబం మందు రాస్తే "ఇంజెక్షన్ వేయరా సార్" అని అడుగుతాం.

అసలు సమస్య మందుది కాదు, చూడకపోవడం. పురుగు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటుంది, చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర. అందరికీ ఉండదు, ఉన్నా బట్టల కింద ఉంటుంది, ఓపీలో ఆడవాళ్లు చూపించరు, డాక్టర్‌కి అడిగే టైం ఉండదు.

అట్లని ప్రతి జ్వరానికీ డాక్సీ మింగేస్తే ఎట్లా? డెంగీకి అది పనిచేయదు, వైరస్ కదా. ముదిరిపోయిన స్క్రబ్ టైఫస్‌కి మాత్ర ఒక్కటే చాలదు, డాక్సీ, అజిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ రెండూ కలిపి నరంలోకి ఎక్కిస్తే విడివిడిగా ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోనే చేసిన ట్రయల్ 2023లో తేల్చింది. గర్భిణులకు మామూలుగా అజిత్రోమైసిన్ వైపే వెళ్తారు. పళ్లు పసుపు పడతాయని పిల్లలకు డాక్సీ ఇవ్వడానికి ఒకప్పుడు భయపడేవాళ్లు, కానీ స్క్రబ్ టైఫస్‌కి కొద్దిరోజుల కోర్సు ఇవ్వొచ్చని ఇప్పుడు చెప్తున్నారు.

ఇంక మింగే పద్ధతి. గుక్కెడు నీళ్లతో వేసుకొని పడుకుంటే మాత్ర గొంతు కింద ఇరుక్కొని అక్కడే పుండు చేస్తుంది, గ్లాసు నిండా నీళ్లు తాగి అరగంటైనా కూర్చోవాలి. పాలతో, ఐరన్ మాత్రలతో, గ్యాస్ మందులతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. ఎండకు చర్మం కమిలిపోతుంది కూడా, అనంతపురం ఎండలో శెనక్కాయ చేలో పనిచేసేవాళ్లకు ఈ ముక్క ఎవరు చెప్తున్నారు?

జీవాలు కాసేవాళ్ల సంగతి ఇంకా వేరు. ఈసుకుపోయిన, అంటే కడుపు పోయిన గొర్రెను చేతుల్తో సర్దేవాళ్లకు, పచ్చిపాలు తాగేవాళ్లకు బ్రూసెల్లోసిస్ వస్తుంది, వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, నడుంనొప్పి. దానికీ డాక్సీనే, కాకపోతే ఇంకో మందుతో కలిపి ఆరు వారాలు. పది రోజులకే ఒళ్లు తేలికైందని ఆపేసి గొర్రెల మందతో పాటు వెళ్లిపోతే అది మళ్లీ తిరగబెడుతుంది.