ఆముదం పోస్తే పోతుందట

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలోని మా ఒహాయో తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. ఎవరో ఒకరు లాన్ ఫొటో పెడతారు. పచ్చటి గడ్డి మీద నరం ఉబ్బినట్టు వంకరటింకరగా ఓ మట్టి గీత. కింద "పందికొక్కులు పడ్డాయి, ఏం మందు పెట్టాలి?" అని. ఇక మొదలు. కలరా ఉండలు వేయమని ఒకరు, బొరియలో చూయింగ్ గమ్ పెట్టమని ఇంకొకరు, బ్యాటరీతో గుయ్యిమనే కడ్డీలు గుచ్చమని మరొకరు. చివరికి ఎవరో పెద్దమనిషి తేల్చేస్తాడు: "ఎలుకల మందు పెట్టెయ్యండి సార్, పీడ పోతుంది."

అయ్యా, దండం పెడతా. అది పందికొక్కు కాదు. అసలు ఎలుక జాతే కాదు. దాని పేరు మోల్. మన ఊళ్లలో గోడవారగా కీచుకీచుమంటూ పరిగెత్తే చుంచు ఉంది చూశారా, దానికి చుట్టం. మన వైపు ఈ జంతువే లేదు, ఇండియాలో చూడాలంటే డార్జిలింగ్, సిక్కిం దాకా పోవాలి. అందుకే మనకు నోటికి వచ్చిన పేరు పెట్టేస్తున్నాం. పేరు తప్పితే మందు కూడా తప్పుతుంది. మోల్ తినేది వానపాములూ వేరు పురుగులూ. గింజలతో చేసిన ఎలుకల ఎరను అది మూతితో కూడా ముట్టదు. మీ తులిప్ దుంపలు కొరికేది వోల్ అనే ఇంకో పొట్టి తోక ఎలుక. మోల్ తవ్విన దారిలో దర్జాగా నడిచొచ్చి పని కానిచ్చి పోతుంది, తిట్లు మాత్రం తవ్వినదానికి.

నేనేం తక్కువ తినలేదు లెండి. పోయినేడాది మా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది, లాన్ ఎగుడుదిగుడుగా ఉంది, 14 రోజుల్లో సరిచేయాలని. కంగారుపడి దుకాణానికి పరిగెత్తాను. మోల్ మందు అని డబ్బా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి లేబుల్ చదివితే ఏముంది, ఆముదం! మాది నల్గొండ. మా తాత చెలకల్లో ఏటా ఆముదాలే. దాసరి పురుగు పడితే ఆకంతా పోయి ఈనెలు మిగిలేవి, కాయలు ఎండబెట్టి కొట్టి బస్తాకెత్తితే చేతికొచ్చేది ఎంతో అందరికీ తెలుసు. వీడియో కాల్‌లో డబ్బా చూపిస్తే అమ్మ నోరు నొక్కుకుంది. "ఏందిరా, మనం అమ్ముకున్న ఆముదం నువ్వు పైసలు పెట్టి కొని మట్టిల పోస్తున్నవా?"

పోశాను. వాసనో రుచో పడక మోల్ పక్కింటి వైపు పోయింది. రెండు వానలు పడ్డాయి, ఆముదం కడుక్కుపోయింది, మోల్ తిరిగొచ్చింది.

ఈలోగా పక్కింటి ముసలాయన ముళ్ల ట్రాప్ పెట్టాడు. ఓ పొద్దున పిలిచి అందులో పడ్డ మోల్‌ని చూపించాడు. అరచేతిలో పట్టేంత, వంద గ్రాములకు అటూ ఇటూ. బొచ్చు బూడిద రంగు మఖమల్‌లా ఉంది, ముందుకు నిమిరినా వెనక్కి నిమిరినా ఒకేలా పడుకుంటుంది. సొరంగంలో వెనక్కి జరిగినా మట్టికి తట్టుకోకుండా అన్నమాట. కళ్ల మీద చర్మం కప్పేసి ఉంది. బయటికి చెవులు లేవు. చేతులు మాత్రం చూడాలి, ఒంటికి సంబంధం లేనంత వెడల్పు. అరచేతులు బయటికి తిరిగి, ఈతగాడు నీళ్లను పక్కలకు తోస్తున్నట్టు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులో 'అక్వాటికస్' అని ఉంటుంది, నీటి జీవి అని. ఆ చేతులు చూస్తే ఎవరైనా పొరపడతారు. అది ఈదేది మాత్రం మట్టిలో, గంటకు నాలుగైదు మీటర్లు. అంత తవ్వాలి కాబట్టి రోజూ దాదాపు తన బరువంత తింటుంది.

ఆ తిండిలోనే జపాన్ పెంకు పురుగుల పిల్లలు కూడా ఉన్నాయి. 1916లో న్యూజెర్సీలోని రివర్టన్ దగ్గర నర్సరీలో మొదటిసారి కనబడి, ఇప్పుడు మన గులాబీలను జల్లెడ చేస్తున్న పురుగులు అవే. పిల్లలుగా ఉన్నప్పుడు మట్టిలో గడ్డి వేళ్లు నమిలేదీ అవే. వాటిని ఉచితంగా ఏరుకు తినేవాణ్ని చంపడానికి మనం డబ్బులు పోస్తున్నాం. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటారు, ఇక్కడ ఎలుక కూడా లేదు.

ఇబ్బంది లేదనను. గడ్డి వేళ్లు పైకి లేచి ఎండుతాయి, మోవర్ బ్లేడు ఆ ఉబ్బును చెక్కేస్తుంది, చూసుకోకపోతే మడమ దిగబడుతుంది. కానీ కాలితో అదిమి నీళ్లు పెడితే గడ్డి మళ్లీ పట్టుకుంటుంది. నిజంగా వదిలించుకోవాలంటే ట్రాపే అన్నిటికన్నా గట్టి దారి, మిగతావి చాలావరకు దుకాణదారుడి సంతోషానికి. మామూలుగా ఎకరానికి రెండో మూడో ఉంటాయి, ఒక్కటే మొత్తం లాన్ తిరుగుతుంది. దాన్ని చూసి మందలు పడ్డాయని ఏడుస్తున్నాం. అసలు నన్నడిగితే పెద్ద పీడ లానే. నోట్లో పెట్టుకోలేని పంటకు వారం వారం కోత!

ఈసారి గోంగూర మడి కింద ఇనుప జాలీ పరిచాను, మిగతాది దాని ఇష్టం. నిన్న సాయంత్రం గట్టు మీద కూర్చుంటే గాలి లేకుండానే ఓ చోట గడ్డి వణికింది. మట్టి మెల్లగా లేచి ఆగింది, మళ్లీ లేచింది. టీ చల్లారిపోయేదాకా చూశాను. ఫోన్ తీస్తే గ్రూపులో కొత్త ఫొటో, కింద "పందికొక్కులు పడ్డాయి."