కిల్ట్ ఒక పూటలో తయారయ్యే స్కర్టు కాదు

"రెండు మీటర్ల గళ్ళ గుడ్డ తెచ్చుకోండి. కుచ్చిళ్ళు పెట్టి మిషన్ మీద కుట్టండి. కింద మడిచి హెమ్మింగ్ చేయండి. ఒక పూటలో స్కాట్లండ్ కిల్ట్ రెడీ! దీనికి వందల పౌండ్లు తీసుకునే దర్జీలు మనల్ని దోచుకుంటున్నారు. ఒక్కటే జాగ్రత్త: వేరే వంశం వాళ్ళ టార్టన్ వేసుకుంటే అక్కడ నేరం."

ఈ మెసేజ్ ఈ నెలలో నాకు నలుగురు పంపారు. నేను గ్లాస్గోలో ఉంటాను, మావారి కిల్ట్ (అక్కడి మగవాళ్ళు నడుముకు కట్టుకునే కుచ్చిళ్ళ దుస్తు) ఇంట్లో నేనే చేత్తో కుట్టాను. అందుకని "ఇది నిజమేనా?" అని నన్నే అడుగుతున్నారు. ఇంట్లో కుట్టుకోవచ్చన్నది నిజమే. మిగతావాటిలో చాలా మటుకు తప్పు. టార్టన్ అంటే కిల్ట్‌కు వాడే గళ్ళ గుడ్డ. ఉన్నిదైతే ఖరీదెక్కువ, కత్తెర పడ్డాక చేసేదేమీ ఉండదు. అది నమ్మి ఎవరూ గుడ్డ పాడుచేసుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు గుడ్డ లెక్క. టార్టన్‌లో గళ్ళ వరస ఒకసారి పూర్తయి మళ్ళీ మొదలయ్యే కొలతను సెట్ అంటారు. వెనక వేసే ఒక్కో ప్లీటు, అంటే కుచ్చిలి, ఒక పూర్తి సెట్‌ను మింగేస్తుంది. అప్పుడే అన్ని ప్లీట్ల మీదా ఒకే గీత వరసగా కనిపిస్తుంది. సెట్ 6 అంగుళాలు, ప్లీట్లు 27 అనుకుందాం. వాటికే 162 అంగుళాలు, అంటే నాలుగున్నర గజాలు కావాలి. ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పలకలు, పక్కల లోతు మడతలు దీనికి అదనం. కిల్ట్‌కు 8 గజాలు అని ఇక్కడ అందరూ అనేది ఊరికే కాదు. ఆ 8 గజాలు సన్న పన్నా లెక్క. 60 అంగుళాల పన్నా దొరికితే 4 గజాలు కొని, నిలువునా రెండుగా చీల్చి, అతుకును ఒక ప్లీటు లోపల దాచేస్తారు. ఒక్క మాట ఒప్పుకోవాలి. 18వ శతాబ్దం చివర్లో కుట్టిన తొలి కిల్ట్‌లకు బాక్స్ ప్లీట్లు (రెండు పక్కలా లోపలికి మడిచే వెడల్పాటి కుచ్చిళ్ళు) వేసేవారు, వాటికి సన్న పన్నాలో సుమారు 4 గజాలు సరిపోయేది. పెద్ద పన్నాలో రెండు మీటర్లు తెచ్చి చీలిస్తే ఇప్పటికీ అలాంటిది వస్తుంది. కానీ ఆ మెసేజ్ చీల్చమనీ చెప్పలేదు, బాక్స్ ప్లీట్ల ఊసూ ఎత్తలేదు.

కింద హెమ్మింగ్ అసలు చేయకూడదు. గుడ్డకు నేతలోనే వచ్చిన అంచు కిల్ట్‌కు కింది అంచు అవుతుంది. మడిచి కుడితే ప్రతి ప్లీటు అడుగునా దళసరి కట్టి, నడుస్తుంటే ఆ ఊపు రాదు. చీల్చిన రెండు ముక్కల్లో ఒకదాన్ని తలకిందులుగా తిప్పితే రెండింటికీ నేత అంచు కిందికే వస్తుంది. చాలా టార్టన్‌లలో గళ్ళు ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా తెలియదు.

ఇక "ఒక పూట" అన్న మాట. నాకు బాధ కలిగించింది ఇదే. తుంటి 40 అంగుళాలు, నడుము 34 అనుకోండి. సగం చుట్టుకొలత ప్లీట్లది. అంటే తుంటి దగ్గర 20 అంగుళాలున్న ప్లీట్ల వరస నడుము దగ్గరికి వచ్చేసరికి 17కి తగ్గాలి. ఆ 3 అంగుళాలను 27 ప్లీట్లకు పంచితే ఒక్కోటి అంగుళంలో తొమ్మిదో వంతు సన్నబడాలి. అలా తగ్గుతూనే గీతలు కలవాలి. ప్రతి ప్లీటులో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా చివరికి అంగుళం దాటిపోతుంది. నాకు అదే జరిగింది. పదకొండో ప్లీటు దగ్గర టేపు పెట్టి చూస్తే అర అంగుళం ఎక్కువ వచ్చింది. మొత్తం విప్పేసి, సుద్దతో మళ్ళీ గుర్తులు పెట్టి, మొదటి నుంచీ కుట్టాను. అప్పటి నుంచి మూడు ప్లీట్లకోసారి కొలవడం అలవాటైంది. మిషన్ మీద కుట్టిన కిల్ట్‌లు బజార్లో ఉన్నాయి, కాదనను. కానీ దళసరి ఉన్ని మిషన్ పాదం కింద జారుతుంది, గీత తప్పుతుంది. కొత్తవాళ్ళు ఈ భాగం చేత్తో కుట్టుకోవడమే మేలు.

ప్లీట్లు కుట్టాక కూడా పని తీరదు. లోపలివైపు పైభాగంలో పేరుకున్న మడతల గుడ్డను కత్తిరించి తీసేయాలి, లేకపోతే నడుము దగ్గర లావుగా ఉబ్బుతుంది. అక్కడ కాన్వాస్ వేయాలి, దాని మీద లైనింగ్, తర్వాత పట్టీలు, బకిల్స్. అన్ని ప్లీట్లకూ కింది దాకా కచ్చా కుట్టు వేసి, తడిగుడ్డ పరిచి గట్టిగా ఇస్త్రీ చేయాలి. నాకు సాయంత్రాలు కూర్చుంటే ఆరు వారాలు పట్టింది.

నేరం సంగతికి వస్తే, అలాంటి చట్టం లేదు. స్కాట్లండ్ పార్లమెంటు 2008లో చేసిన చట్టంతో 2009లో టార్టన్ల రిజిస్టర్ మొదలైంది. అది డిజైన్లను నమోదు చేస్తుంది, ఎవరు ఏది వేసుకోవాలో చెప్పదు. రాజకుటుంబం తన కోసం ఉంచుకున్న బాల్మోరల్ అనే టార్టన్ లాంటివి కొన్ని ఉన్నాయి, అది మర్యాదకు సంబంధించిన విషయం. స్కాట్లండ్ కొండప్రాంతమైన హైలాండ్ దుస్తుల మీద నిజమైన నిషేధం ఒకప్పుడు ఉండేది. అక్కడి తిరుగుబాటుదారులు ఓడిపోయిన కల్లోడెన్ యుద్ధం జరిగిన 1746లోనే బ్రిటిష్ పార్లమెంటు ఆ చట్టం చేసింది, 1782లో రద్దు చేసింది.

దోపిడీ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి. చేత్తో కుట్టే దర్జీ తీసుకునే వందల పౌండ్లలో గుడ్డ ఖరీదు కలిసే ఉంటుంది. మిగిలినదాన్ని ఆ దర్జీ కూర్చున్న గంటలతో భాగించి చూడండి. నేను పదకొండు ప్లీట్లు విప్పిన రాత్రి ఆ లెక్క వేసి చూశాను, ఆ ధర నాకు ఎక్కువ అనిపించలేదు.