హాజరు లేకున్నా పరీక్ష రాయనివ్వాల్సిందేనా? ‘హైకోర్టు తీర్పు’ సందేశంలో నిజమెంత

సెమిస్టరు పరీక్షలు దగ్గరపడేసరికి విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. హాజరు తక్కువైందని ఏ కళాశాలా పరీక్ష ఆపకూడదని హైకోర్టు తేల్చేసిందనీ, డిటెన్షన్ (హాజరు చాలనివారిని పరీక్షకు అనర్హుల్ని చేసి ఆపేయడం) ఇక చట్టవిరుద్ధమనీ, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కాండొనేషన్ ఫీజు (హాజరు లోటును మన్నించడానికి కట్టే రుసుము) కడితే హాజరు ఎంత తక్కువున్నా సరిపోతుందనీ, పరీక్ష ఫీజు కట్టించుకున్నాక హాల్‌టికెట్ ఇచ్చి తీరాలనీ దాని సారాంశం. ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది కాబట్టే నమ్మేవారు ఎక్కువ. ఆ నిజం ఎంతవరకో చెప్పకపోవడమే అసలు చిక్కు.

మొదట తీర్పు సంగతి. అది 2025 నవంబరు 3న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఇచ్చినది. హాజరు చాలక పరీక్షలకు దూరమైన ఒక న్యాయ విద్యార్థి 2016లో ఆత్మహత్య చేసుకున్న ఉదంతంతో మొదలైన కేసు అది. ఒక్కో సబ్జెక్టులో కనీసం 70 శాతం హాజరు ఉండాలన్న బార్ కౌన్సిల్ 2008 నాటి నిబంధనను పునఃపరిశీలించాలనీ, ఆ పని పూర్తయ్యేలోగా గుర్తింపు ఉన్న ఏ న్యాయ కళాశాలా హాజరు పేరిట విద్యార్థిని పరీక్షకు దూరం పెట్టరాదనీ కోర్టు ఆదేశించింది. అంటే ఆదేశం న్యాయవిద్యకు సంబంధించినది. బీటెక్ విద్యార్థికి వర్తించే విశ్వవిద్యాలయ నిబంధనలను గానీ, ఎంబీబీఎస్‌కు థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం కోరే జాతీయ వైద్య కమిషన్ షరతును గానీ ఆ తీర్పు కొట్టివేయలేదు. ‘న్యాయ’ అన్న రెండక్షరాలు రాలిపోయి ‘ఏ కళాశాలా’ అని మిగలడంతోనే సందేశం దారి తప్పింది.

పోనీ, న్యాయ విద్యార్థికైనా హాజరు అక్కర్లేదని కోర్టు అన్నదా అంటే అదీ లేదు. హాజరు చాలని విద్యార్థిని పరీక్ష రాయనిచ్చినా, తుది ఫలితంలో 5 శాతం వరకు మార్కులు, సీజీపీఏ (గ్రేడ్ పాయింట్ల సగటు) పద్ధతిలో 0.33 శాతం వరకు కోత వేయవచ్చని అదే తీర్పు చెప్పింది. హాజరు వివరాలను వారం వారం విద్యార్థికి, తగ్గినప్పుడు నెలనెలా తల్లిదండ్రులకు తెలియజేయాలనీ, వెనుకబడినవారికి అదనపు తరగతులు పెట్టాలనీ కళాశాలలను ఆదేశించింది. సెమిస్టరు చివరిదాకా లెక్క చెప్పకుండా, ఒక్కసారిగా నోటీసు బోర్డులో డిటెన్షన్ జాబితా అంటించే కళాశాలల్ని నిలదీయడానికి విద్యార్థులకు పనికొచ్చే భాగం ఇదే. సందేశం రాసినవారు దీన్నే వదిలేశారు.

మెడికల్ సర్టిఫికెట్ విషయంలో జరిగే నష్టం ఇంకా ఎక్కువ. జేఎన్‌టీయూ హైదరాబాద్ ‘ఆర్22’ పేరుతో 2022లో తెచ్చిన బీటెక్ నిబంధనలే చూద్దాం. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా 75 లోపు ఉన్నవారు సరైన కారణం, దానికి ఆధారం చూపితే కళాశాల అకడమిక్ కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. ఫీజు కట్టేది ఆ మన్నింపుకే. 65 కంటే తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ మన్నింపు లేదని నిబంధన స్పష్టంగా అంటోంది. సర్టిఫికెట్ గైర్హాజరుకు కారణం చూపుతుందే తప్ప, హాజరు పట్టీలో ఒక్క పీరియడునూ కలపదు.

ఈ 65 గీత ఎంత కఠినమైనదో లెక్క వేస్తే గానీ తెలియదు. సెమిస్టరులో 420 పీరియడ్లు జరుగుతాయనుకుందాం. 300 పూర్తయ్యేసరికి సగానికే, అంటే 150కే వచ్చిన విద్యార్థి అప్పుడు మేలుకొని, మిగిలిన 120లో ఒక్కటీ వదలకుండా కూర్చున్నా మొత్తం 270 అవుతాయి. అది 64.3 శాతం. 65కు 273 కావాలి. మూడు పీరియడ్ల తేడాతో సెమిస్టరంతా పోతుంది. రిజిస్ట్రేషన్ రద్దయి, ఆ సెమిస్టరు మళ్లీ పెట్టినప్పుడు తిరిగి చేరి, అన్ని సబ్జెక్టులూ మొదటినుంచి చదవాలి. సెమిస్టరు మధ్యలో జరిగే మిడ్ పరీక్ష రాసినవారికి ఒక్కో థియరీ సబ్జెక్టుకు రెండు పీరియడ్ల హాజరు లెక్కిస్తారన్న సంగతి కూడా చాలామందికి పట్టదు. మిడ్ ఎగ్గొట్టినవారు మార్కులతోపాటు దాన్నీ వదులుకుంటున్నారు.

ఇక పరీక్ష ఫీజు. అర్హత ఉంటేనే అనుమతి అన్న షరతుతోనే ఫీజు కట్టించుకుంటారు కాబట్టి రసీదు ఒక్కటే హక్కు కాదు. ఫీజు కడితే హాల్‌టికెట్ ఇవ్వాల్సిందేనన్న వాదనకు కొందరు 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కురుక్షేత్ర విశ్వవిద్యాలయం కేసును ఆధారంగా చూపుతున్నారు. ఆ కేసూ హాజరు గురించినదే. అయితే అందులో విద్యార్థిని పరీక్ష రాయనిచ్చాక విశ్వవిద్యాలయం అతని అభ్యర్థిత్వాన్ని రద్దు చేసింది. దరఖాస్తును ముందే సరిచూసుకోవలసిన బాధ్యత విశ్వవిద్యాలయానిదనీ, విద్యార్థి మోసమేదీ చేయనప్పుడు, పరీక్ష రాయనిచ్చాక వెనక్కి తీసుకునే అధికారం దానికి మిగలదనీ కోర్టు అన్నది. ఇంకా హాలులో అడుగుపెట్టనివారికి, ఫీజు రసీదు మాత్రమే చేతిలో ఉన్నవారికి ఆ తీర్పు అక్కరకు రాదు.