సగం తెలిసినవాళ్లకే నెగెటివ్ మార్కుల దెబ్బ

మానవ శరీరంలో అతిపెద్ద గ్రంథి ఏది? పీయూష గ్రంథి, థైరాయిడ్, క్లోమం, కాలేయం. పరీక్షలో ఈ బిట్టు వచ్చిందనుకుందాం. పీయూష గ్రంథి బఠాణీ గింజంతే ఉంటుందని ఒక అమ్మాయికి తెలుసు. థైరాయిడ్ మెడ దగ్గర చిన్నగా ఉంటుందనీ తెలుసు. ఇక మిగిలినవి రెండే. కాలేయమే అనిపిస్తోంది, కానీ దాన్ని గ్రంథి అంటారా అన్న దగ్గర ఆగిపోయింది. తప్పయితే ఉన్న మార్కులు పోతాయన్న టెన్షన్‌తో వదిలేసింది. పక్క బెంచీలో ఈ పాఠం తెరిచి కూడా చూడని అబ్బాయి కూడా వదిలేశాడు. ఇద్దరికీ సున్నా.

ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టేసే పద్ధతిని మనం న్యాయమైనదని నమ్ముతున్నాం. నా అభ్యంతరం అక్కడే.

తప్పు జవాబుకు ఈ మార్కుల కోత ఎందుకు పెట్టారో తెలియనిది కాదు. అది లేకపోతే ఊహించి టిక్కు పెట్టడం వస్తే కొండ, పోతే వెంట్రుక అన్నట్టే. నాలుగేసి ఆప్షన్లున్న 100 బిట్లకు ప్రశ్నలు చదవకుండా బబుల్స్ నింపినా సగటున 25 మార్కులొస్తాయి. ఒకరికి 18, ఇంకొకరికి 32 కూడా రావచ్చు. కటాఫ్ దగ్గర ఒక్క మార్కుకే తలరాతలు మారేచోట ఇది చిన్న విషయం కాదు.

అందుకే నాలుగు ఆప్షన్లుంటే తప్పుకు మూడో వంతు, ఐదుంటే నాలుగో వంతు కోయాలన్న సూత్రం పుట్టింది. నాలుగు బిట్లు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, తప్పిన మూడూ కలిసి ఆ మార్కును లాగేసుకుంటాయి. కానీ ఈ సూత్రాన్ని అన్నిచోట్లా పాటించడం లేదు. నీట్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. అక్కడ 180 ప్రశ్నలకూ గుడ్డిగా పెట్టినా సగటున 45 మార్కులు మిగులుతాయి. పేరుకు శిక్షే, లెక్కలో మాత్రం ఇంకా లాభమే.

సరిగ్గా మూడో వంతు కోసినా అదృష్టం మాయం కాదు. 30 బిట్లు గుడ్డిగా పెట్టిన ఇద్దరిలో ఒకరికి 10, మరొకరికి 5 తగిలాయనుకోండి. కోత లేకపోతే తేడా 5 మార్కులు. కోత పెడితే ఒకరికి సుమారు 3.3 మార్కులు వస్తాయి, మరొకరికి అంతే పోతాయి. తేడా 6.6 దాటుతుంది. సగటు సున్నాకు వచ్చింది నిజమే, కానీ ర్యాంకు ఇచ్చేది సగటుకు కాదు, మనిషికి.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. రెండు ఆప్షన్లు కొట్టేశాక మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే, మూడో వంతు కోత ఉన్నా సగటున మూడో వంతు మార్కు లాభం. అలాంటివి తొమ్మిది వదిలేస్తే మూడు మార్కులు చేజార్చుకున్నట్టే. ఆమెకు తక్కువైంది చదువు కాదు, తెగువ. పరీక్ష కొలవాల్సింది తెగువనా? చిలీలో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష నుంచి 2015లో కోతను తీసేశారు. అంతకుముందు అక్కడ అబ్బాయిల కంటే అమ్మాయిలు ఎక్కువ ప్రశ్నలు వదిలేసేవారు. కోత పోయాక ఆ తేడా సుమారు 70 శాతం తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. పాఠాలు మారలేదు, పిల్లలు మారలేదు, భయం ఒక్కటే తగ్గింది. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు 2011లో, కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ 2016లో కోతకు స్వస్తి చెప్పాయి.

తప్పు సమాధానం ప్రాణాల మీదికి తెచ్చే వృత్తులున్నాయి కదా అంటే, ఉన్నాయి. తెలియకుండానే గట్టిగా చెప్పే డాక్టర్ ప్రమాదమే. అయితే తప్పులన్నిటికీ ఒకే కోత వేస్తే ఆ ప్రమాదం బయటపడదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో వైద్య విద్యార్థులకు వాడిన పద్ధతి నాకు నచ్చింది. జవాబుతో పాటు దానిమీద ఎంత నమ్మకముందో 1, 2, 3లలో ఒకటి గుర్తించాలి. ఒప్పయితే అన్నే మార్కులు. తప్పయితే 1కి కోత లేదు, 2కి రెండు, 3కి ఏకంగా ఆరు మార్కులు పోతాయి. నమ్మకం లేకుండా 3 పెట్టేవాడు నిలువునా మునుగుతాడు.

ఇందులోనూ 1 పెట్టి గుడ్డిగా ఊహించేవాడికి సగటున పావు మార్కు దక్కుతుంది. దక్కనివ్వండి, ఖాయంగా తెలిసినవాళ్లకు మూడొస్తాయి కాబట్టి అంతరం చెడదు. ఆ అమ్మాయి మాత్రం కాలేయానికి టిక్కు పెట్టి, పక్కన 1 అని గుర్తించి, భయం లేకుండా తర్వాతి బిట్టుకు వెళ్తుంది.