గుంతకు పదేళ్ల బాండు

తాడిపత్రి పోయే దారిలో మా ఊరి మలుపు దగ్గర, చింతచెట్టు కింద, ఒక గుంత ఉంది. బండలు మోసే లారీలు కూడా దానికి తలవంచి నమస్కారం పెట్టి గానీ ముందుకు పోవు. పోయినేడు రెండు తట్టల కంకర, చెంబుడు తారు పోసి పూడ్చారు. నెల తిరక్కుండానే లేచి కూర్చుంది, ఈసారి పిల్లగుంతతో సహా. దాని పక్కనే నిలబడి టీ తాగుతూ మొన్న ఒక చదువుకున్నాయన అన్నాడు: "రోడ్లకు డబ్బుల్లేకపోతే బాండ్లు వేస్తే సరిపోతుంది గదప్పా!"

ఎందుకు సరిపోదు! రాష్ట్రాల బాండ్లకు, అంటే సర్కారు రాసిచ్చే అప్పు పత్రాలకు, రిజర్వు బ్యాంకు మంగళవారం మంగళవారం వేలం పెడుతూనే ఉంది, మన చీనీకాయల మండీ లాగానే, కాకపోతే అక్కడ అమ్ముడుపోయేది రేపటి పన్నులు. బ్యాంకులు, బీమా కంపెనీలు కొంటాయి. పదేళ్లు, పదిహేనేళ్లు గడువు. ఆరు నెలలకోసారి వడ్డీ ఠంచనుగా కట్టాలి. వచ్చిన డబ్బు మీద 'రోడ్డు' అని రాసి ఉండదు, అంతా ఒకే హుండీలో పడుతుంది. పోనీ రోడ్లకని విడిగా తీద్దామని 2020లో లీటరు పెట్రోలు, డీజిల్ మీద రూపాయి సెస్సు వేశారు. దుక్కి దున్నే ట్రాక్టరుకు పోసే డీజిల్‌కూ అదే రూపాయి. చేనులో రోడ్డెక్కడుందని అడక్కండి, రోడ్డు మీదే లేదు.

అంతకుముందు 2018లో అమరావతి బాండ్లకు ముఖ్యమంత్రే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లి గంట కొట్టారు. 2,000 కోట్లు, 10.32 శాతం వడ్డీ. ఆ గంట నాకు తెగ నచ్చింది. మా గుంత పేరు మీద కూడా ఒక బాండు వేసి, చింతచెట్టుకు గంట కట్టాలని నా మనవి.

అప్పుడేమవుతుందంటే, బాండు కొన్న బొంబాయి సేటు తన ఆస్తి చూసుకుందామని గుంతకల్లులో రైలు దిగుతాడు. ఊరి పేరులోనే గుంత ఉన్నందుకు ఆయనకు అనుమానం రావాలి, రాదు. ఆటో ఎక్కి, గుత్తి దాటి, మూడుసార్లు తల పైకప్పుకు కొట్టుకుని మా ఊరు చేరతాడు. మేం శాలువా కప్పి, గంట కొడతాం.

"ఏదయ్యా నా రోడ్డు?"

"మీరు నిలబడిందే సేటూ."

"ఇది గుంత గదా!"

"వడ్డీ వస్తాందా సేటూ?"

"ఠంచనుగా వస్తోంది."

"ఇంగేం, రోడ్డు బాగున్నట్టే."

ఈలోగా జీపులో ఒక సారు దిగి ఫైలు తీస్తారు. రోడ్డు నాణ్యంగానే వేశాం, అధిక వర్షాలకు కొట్టుకుపోయింది అంటారు. ఏ వర్షాలు సార్? మాది అనంతపురం జిల్లా. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసి, ఆ పెళ్లికి భోజనాలు కూడా పెట్టే జనం మేం. శనక్కాయ చేనుకు రాని వాన, కంది చేనుకు రాని వాన, వెతుక్కుంటూ వచ్చి తారు మీదే పడుతుందా? సేటు కూడా పాపం ఆకాశం వైపు చూస్తాడు. ఎండకు కళ్లు చికిలించి, సరే మంచిది అని సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఆయనకేం, అసలుకు ప్రభుత్వం పూచీ.

మాకెవరు పూచీ? కాంట్రాక్టరు బాధ్యత రెండేళ్లకో మూడేళ్లకో తీరిపోతుంది, తారు అంతకంటే ముందే తీరిపోతుంది, అప్పు మాత్రం పదేళ్లు నిక్షేపంగా బతుకుతుంది. ఒకటో తరగతిలో చేరిన పిల్లకాయ ఇంటర్‌లో చేరేదాకా ఆ వడ్డీ కడుతూనే ఉండాలి, వాడు ఒకటో తరగతి దాటకముందే పోయిన రోడ్డుకు! అప్పు చేయొద్దని ఎవడన్నాడు, మంచి రోడ్డు వేసి వందేళ్ల బాండు వేసుకోండి, సిగ్గుపడకుండా కడతాం. చెంబుడు తారుకు కోట్ల బిల్లు రాసి, ఆ బిల్లుకు అప్పు తెచ్చి, ఆ అప్పుకు గంట కొట్టడమేమిటి?

మా మేనమామ రెండేళ్ల కింద రాత్రిపూట ఆ గుంతలోనే పడ్డాడు. బండల ఫ్యాక్టరీలో పని, నడుం పోయింది, పనీ పోయింది. ఇప్పుడు సాయంత్రమైతే చాలు, టీ బంకు ముందు స్టూలేసుకుని కూర్చుని, వచ్చే బండికల్లా టార్చిలైటు వేసి గుంత చూపిస్తుంటాడు. జీతం లేదు. ఆరు నెలలకోసారి వడ్డీ అసలే లేదు. టార్చిలో బ్యాటరీలు కూడా ఆయనవే.